దడ్వాయి లెక్క

ఎనుమాముల యార్డుల పొద్దుగాల ఆరింటికి
ఎర్రటి కుప్పల నడుమ తుమ్ములే పలకరింపులు.
నేను దడ్వాయిని. ముప్పయ్యొక్క ఏండ్ల నుంచి
కాంటా ముల్లు మీదనే చూపు.

ఈ యేడు సరిహద్దుల ఏదో అయ్యిందంట.
టీవీల ఒకటే లొల్లి:
చైనాకు ఒక్క కాయ గూడ అమ్మొద్దు,
ఒంటరిని చేస్తె వాళ్లే దిగొస్తరు.
గందె వైకుంఠం సేటు ఫోను పక్కకు పెట్టి
"తేజా కింటాకు మూడు వేలు దిగింది" అన్నడు.
నల్లబెల్లి మొగిలి తన ముప్పై ఆరు బస్తాల మీద కూసోని
బీడి ముట్టియ్యకుండ వేళ్ల నడుమ తిప్పుతనే ఉన్నడు.

"అమ్మాలె" అంటడు లింగమూర్తి సారు.
ఒకప్పుడు జెండా మోసిన భుజం,
ఇప్పుడు కోల్డు స్టోరేజీల పావలా వాటా.
"బేరం నడిస్తె ఎంత గట్టి తలుపైనా తెరుసుకుంటది."
ఆయనది తెరుసుకున్నది, నిజమే.

నాకు ఏటూరునాగారం సంత యాదికొస్తది.
అప్పుడే కాంటా చేతికొచ్చిన పోరన్ని.
అడవిల అన్నలకు చేరొద్దని
మనిషికి కిలో ఉప్పు, రెండు అగ్గిపెట్టెలు.
బ్యాటరీలు అసలే లేవు. జ్వరం గోళీలకు చీటీ.
ఈసం ముత్తక్క ఇప్పపువ్వు గంప దించి
ఉప్పు మూట జవాను ముందర విప్పింది.
నేనే తూచిన. జరంత మొగ్గు ఎక్కువొస్తె
ఆయన పిడికిట తీసి దుబ్బల పోసిండు.
అన్నలు దిగొచ్చిండ్రా? ఏమో.
ముత్తక్క మాత్రం ఆ వానకాలం చప్పిడి జావ తాగింది.

అట్లని సారు మాట గూడ నమ్మబుద్ధి కాదు.
పోయినేడు అక్కడి నుంచి కొనెటాయన వచ్చిండు.
మిర్చి విరిచి వాసన చూసి
దగ్గి దగ్గి కండ్లెర్రజేసుకుండు.
మొగిలి చెంబుల నీళ్లిచ్చిండు. ఇద్దరూ నవ్విండ్రు.
నేను దుబాసి పిలగానితోని అన్న:
"మీ కాడ ధర పడితే రైతు రోడ్డెక్కుతడా, అడుగు."
అడిగిండు.
ఆయన నవ్వు ఆపి, కాంటా దిక్కు చూసి
"తేమ పన్నెండు శాతం దాటొద్దు" అన్నడు.

కారం తింటే ఎవలైనా నోరు తెరుస్తరు.
గని మంటకు తెరిచిన నోరు
మాటకు తెరిచినట్టేనా?
నాకైతే తెల్వది.

గిదంతా మొగిలికి చెప్తే
బీడి చెవి మీద పెట్టుకోని లేచిండు.
"అమ్మకపోతే ఎవన్ని అడుగుతవే?
వాడు మల్లొస్తేనే గద మల్ల అడిగేది"
అని మొదటి బస్తా కుట్లు విప్పిండు.

తూచిన.
ధర మాత్రం మూడు వేలు తక్కువే.