మూడో పాఠం

చుట్టుగుంట సెంటర్లో మిర్చి లారీ మలుపు తిరిగితే
కిటికీ మూసినా ఘాటు లోపలికొస్తుంది.
తుమ్ముతూనే తెరిచాను మస్తాన్‌బీ పంపిన ఫైలు.
కోల్డ్ స్టోరేజీలో టిక్కీల మధ్య పెట్టి
చెమ్మ కొలిచే చిప్పుని
కెర్నెల్‌కి పరిచయం చేసే కాగితం.
నలభై ఒక్క లైన్లు. ఇది మూడోసారి.

పేరు దగ్గరే ఆగిపోయాను.
చివరి అంకె చోట ఎక్స్ పెట్టింది,
ఆ కుటుంబంలో ఏ చిప్పయినా సరిపోతుందట.
అమ్మాయ్,
యార్డులో ఎవరైనా ఉత్త "మిరపకాయ" అని చీటీ రాస్తారా?
తేజా అంటారు, బాడిగ అంటారు,
మూడువందల ముప్ఫైనాలుగు అంటారు,
తాలుని మొహమాటం లేకుండా తాలనే అంటారు.
ముందు పూర్తి పేరు రాయి.
చుట్టరికాలు తర్వాత.

కింద ఇంకో వరుస:
"పది నిమిషాలకోసారి చదవాలి."
కొట్టేశాను.
అది నీ అవసరం, చిప్పు ఒంట్లో లేదు.

కరెంటు తీగ "ఉంటే ఉండొచ్చు" అట.
లేకపోతే ఎలా బతుకుతుందే?

హెచ్చరిక కాలు సంగతి అసలు రాయలేదు.
అడిగితే జవాబు వెంటనే వచ్చింది,
"మన డ్రైవర్ దాన్ని వాడదు మేడమ్."
వాడకపోతే?
బోర్డు తిప్పి చూడు,
నాలుగో కాలు నుంచి ప్రాసెసర్ దాకా
సన్నటి రాగి గీత.
చెమ్మ హద్దు దాటిన ప్రతిసారీ
ఎవరూ వినకపోయినా
అది పిలుస్తూనే ఉంటుంది.
ఉన్నదాన్ని ఉందని రాయి.
వినేవాళ్లు ఎప్పుడో వస్తారు.

ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను గానీ,
పన్నెండేళ్ల కింద అరండల్‌పేట అద్దె గదిలో
నేను రాసిన మొదటి వివరణలో
ఒక అక్షరం జారిపోయింది.
నేను చూళ్లేదు. చూడాల్సినవాళ్లూ చూళ్లేదు.
లోపలికి వెళ్లిపోయింది.
ఇప్పుడు ఎన్ని వేల పెట్టెలు
ఆ తప్పు పేరుతో పిలిస్తేనే పలుకుతున్నాయో!
దిద్దానా, అవి నిద్ర లేవవు.
అందుకని కొత్తగా వచ్చే ప్రతి కుర్రాడూ
నా తప్పుని
పొల్లు పోకుండా రాసుకోవాల్సిందే.

అదీ తల్లీ, ఈ సణుగుడు.
డ్రైవర్‌ని రేపు చింపి కొత్తది కుట్టుకోవచ్చు.
ఇది మాట ఇవ్వడం.

రాత్రి పదకొండింటికి నాలుగోది వచ్చింది.
పూర్తి పేరుంది. తీగ తప్పనిసరి అయింది.
నాలుగో కాలుకి చోటు దొరికింది.
"చూశాను" అని కొట్టి, కింద నా పేరు పెట్టి,
పంపబోతుంటే
బయట ఇంకో లారీ.
తుమ్మొచ్చింది.

ఆగాను.
శకునం మీద నమ్మకం లేదు, అలవాటు ఉంది.
ఆగిన కాసేపూ ఊరికే ఉండలేక
ఉదాహరణ మళ్లీ చదివితే,
గుమ్మం మీద చిరునామా నలభై,
ఇంట్లోకెళ్తే నలభై నాలుగు.

ఐదోది పంపు, మస్తాన్‌బీ.