గొడుగు గుడ్డ సంచి

పుంతా అరేనాస్‌లో ఊరు గాలిది.
మేమే అద్దెకుంటాం.

ఎవరైనా గొడుగు కొంటుంటే చాలు,
కొత్తగా వచ్చారని తెలిసిపోతుంది.
మొదటి మలుపులోనే అది తిరగబడి
పుల్లలు విరుచుకుని
చెత్తడబ్బాలో తలకిందులుగా నిలబడుతుంది.

నేను సూపర్ బజారులో సంచులు నింపేవాణ్ణి.
జీతం లేదు. కొన్నవాళ్ళ దయ, చిల్లర.
అరవై ఎనిమిదో ఏట నేర్చుకున్న విద్య:
అడుగున బంగాళాదుంపలు, పక్కన పాలు,
గుడ్లు అన్నిటికన్నా పైన,
రొట్టె ఎవరి కిందా నలగకూడదు.
సబ్బుని చేపకి ఎడంగా పెట్టాలి,
పడని వియ్యపురాళ్ళని పెళ్ళిపందిట్లో కూర్చోబెట్టినట్టు.
మనిషికి నాలుగు సంచులు, ఐదు,
బరువుంటే ఒకదానిలో ఒకటి.
ఎన్ని ఎక్కువ వాడితే
అంత పనిమంతుణ్ణనుకునేవాణ్ణి.

అవి ఎక్కడికి పోయేవో నాకు తెలుసు.
ఆదివారం ఊరి బయట గొర్రెల కంచె దాకా నడిస్తే
ముళ్ళతీగ పొడవునా నా చేతిపనే.
తెల్లవి, గులాబీవి, మా కొట్టు పేరున్న ఎర్రవి,
చెవులు పట్టుకు వేలాడుతూ, ఈలలేస్తూ.
కలఫాతే పొదలకి పళ్ళకన్నా అవే ఎక్కువ కాశాయి.

ఒకసారి, నెమరు మానేసిన గొర్రె చచ్చిపోతే
కాపరి ఒయార్సో దాని కడుపు కోసి
ముద్దగా ఉన్నదొకటి తీసి నా చేతిలో పెట్టాడు.
ఏమీ అనలేదు.
మడత విప్పాను.
అక్షరాలు చెక్కుచెదరలేదు:
"మళ్ళీ రండి."

తర్వాత చట్టం వచ్చింది. సంచులు ఆగాయి.
మంచిదే అన్నాను, అందరితో పాటు.
వాటితో పాటు చిల్లరా ఆగింది.
సంచి లాభం చిల్లు కూడదీసిందని సామెత.
ఈసారి సంచే పోయింది,
చిల్లు మాత్రం నా జేబులో మిగిలింది.

జనం గడ్డం కింద ఉల్లికాడలు నొక్కిపట్టి
చంకలో రొట్టెతో, పళ్ళ మధ్య రసీదుతో
తలుపు దాకా పరుగెత్తేవాళ్ళు.
నేను కౌంటరు చివర నిలబడి,
గుడ్ల మీద డబ్బాలు పెట్టేవాళ్ళని చూడలేక
చేతులు వెనక్కి కట్టుకునేవాణ్ణి.

ఎదువీనా మన్సిల్యాది మా వీధి చివర కుట్టుమిషను.
చచ్చిన గొడుగుల్ని చెత్తలోంచి ఏరుకొస్తుంది.
పుల్లలు ఊడదీసి, ఎనిమిది రెక్కలూ విప్పి,
ఉతికి, పొయ్యి మీది తీగకి ఆరేస్తుంది.
"గాలికి ఓడింది ఇనుము. గుడ్డ ఓడలేదు,"
అంటుంది, నోట్లో గుండుసూదులతోనే.

మొదటి సంచి నాకిచ్చింది. నీలం మీద తెల్ల చుక్కలు.
మడిస్తే పిడికిట్లో పడుతుంది.
డబ్బులు తియ్యబోతే చెయ్యి పట్టుకుంది.
"నోల్బెర్తో, నీకు సర్దడం తెలుసు.
బరువు ఎక్కడ పడుతుందో చెప్పు చాలు."

చెప్పాను. అడుగు పలకగా ఉండాలన్నాను.
పట్టీ వెడల్పు చెయ్యమన్నాను, భుజం కోస్తుందని.
పాలడబ్బా పడుకోకుండా లోపల ఒక జేబు.
ముప్పై ఏళ్ళు ఓడల్లోంచి సరుకు దింపిన వీపు ఇది.
ఇన్నాళ్ళకి ఒకరు దాని సలహా అడిగారు.

ఇప్పుడు శనివారాలు రేవు దగ్గర బల్ల వేస్తాం.
కొన్నివారాలు తొమ్మిది అమ్ముతాం,
కొన్నివారాలు బల్ల ఎగిరిపోకుండా పట్టుకోవడమే పని.
మొన్న ఒక కుర్రాడు, ఉత్తరాది యాస,
విరిగిన గొడుగు పట్టుకుని ఏడుపుమొహంతో అటుగా వచ్చాడు.
ఎదువీనా అది లాక్కుని వెలుగులో తిప్పి చూసింది.
"మంచి ఆకుపచ్చ. మంగళవారం రా."

కంచె మీద పాతవి కొన్ని ఇంకా ఉన్నాయి.
పట్టుకుంటే పొడైపోతాయి,
పొడిని గాలి ఎక్కడికి మోస్తుందో అడగను.

నా చుక్కల సంచి ఇంట్లో మరిచిపోయే రోజులూ ఉన్నాయి.
ఆ రోజు గుడ్లు టోపీలో తెచ్చుకుంటాను,
బట్టతల మీద గాలి
అద్దె వసూలు చేసుకుంటూ ఉంటే.