గెలుపులు చెరిపే రోజు

గురువారం పదకొండు గంటలకు తీర్పు.
పదిన్నరకే నా షాపులో కుర్చీలన్నీ నిండాయి.
జుట్టు కత్తిరించుకోడానికి ఒక్కడూ రాలేదు.

డెల్మర్ చేతిలో నూట పన్నెండు పేజీల అభియోగపత్రం,
మూలలు మడిచి, పసుపు గీతలు గీసి.
నలభై ఏళ్లు ధాన్యం గిడ్డంగి నడిపిన మనిషి
ఇప్పుడు సెక్షన్ల నంబర్లు ఎక్కాల్లా అప్పజెబుతున్నాడు.
"రెండేళ్లు పోస్ట్ సీజన్ ఉండదు. పది స్కాలర్‌షిప్పులు పోతాయి."
"పదిహేను," అంటాడు పాస్టర్ థాడియస్,
పందెం కాసే గొంతుతో.

మా ఊరు కార్వర్స్ బెండ్.
ఒక పక్క నది, ఒక పక్క మూతబడ్డ గాజు ఫ్యాక్టరీ,
మధ్యలో ముప్పై ఎనిమిది వేల సీట్ల స్టేడియం.
ఊరి జనాభా పంతొమ్మిది వేలు.
ఈ లెక్కలో తేడా ఉందని మాకెప్పుడూ తోచలేదు.

రాయ్స్ పెటిబోన్ కూర్చునేది ఇదే కుర్చీలో,
రెండు వారాలకోసారి, శుక్రవారం.
మెడ మీద దువ్వెన ఆడుతుంటే కళ్లు మూసుకుని
"కుర్రాళ్లకి ఏదో కాస్త సాయం" అనేవాడు.
ఆ సాయానికి నాలుగు తలుపులు, నీలం రంగు,
వెనక సామాను వేసుకునే తొట్టి.
ఆ సాయం కవర్లలోనూ వచ్చేది,
మీద తన కార్ల షోరూం బొమ్మైనా చెరపకుండా.
నేను వినలేదు.
కత్తెర చప్పుడులో ఏమీ వినబడదు కదా.

తెవారిస్ యూబ్యాంక్స్‌కీ ఇదే కుర్చీ.
పంతొమ్మిదేళ్లు. మెడ వెనక పుట్టుమచ్చ,
అక్కడ మిషన్ తగిలితే కితకితలతో నవ్వేవాడు.
మొదటి ఏడాది తమ్ముడు కత్తిరించిన తలతో వచ్చాడు,
సరిచేయడానికి ఎంతవుతుందని గుమ్మంలోనే అడిగాడు.
రెండో ఏడాది పదహారు డాలర్ల పనికి ఇరవై ఇచ్చి
చిల్లర ఉంచుకోమన్నాడు.
ఉంచుకున్నాను.
తిలాపాపం తలా పిడికెడు.
నా పిడికెడు నాలుగు డాలర్లు.

కోచ్ ఇప్పుడు వేరే రాష్ట్రంలో, మూడింతల జీతానికి.
తెవారిస్ మోకాలు పోయింది, ఏదో గోదాములో రాత్రి షిఫ్టని వినికిడి.
పెటిబోన్ పదేళ్లు స్టేడియం గేటు దాటకూడదు,
గేటుకి ఎదురుగా కార్లు అమ్ముకోవచ్చు.
మిగతా శిక్షంతా ఇప్పుడాడే పిల్లలకి.
ఆ కవర్లు చేతులు మారిన రోజుల్లో
వీళ్ల పళ్లకి ఇంకా తీగలున్నాయి.

డెల్మర్‌కి నిద్ర పట్టనిది మాత్రం ఇంకొకటి:
ఆ ఏడాది గెలుపులు రద్దవుతాయట.
ఓడినట్టు కాదు. ఆడనట్టూ కాదు.
గెలిచిన చోట ఉత్త తెల్ల కాగితం.
"నవంబరు వానలో నా పక్కనే ఉన్నావు కదా, ఓర్విల్?
చివరి బంతి పడింది కదా వాడి చేతుల్లో?"
పడింది, డెల్మర్.
నీ వేడి చాక్లెట్ నా కోటు మీద పడింది.
మరక ఇంకా ఉంది.
"మరి దాన్నేం చేస్తారు?"

పదకొండుకి పావుగంట ఉందనగా తలుపు గంట మోగింది.
మూడో వరస క్వార్టర్‌బ్యాక్, కొత్త కుర్రాడు,
పేరు కూడా ఎవరికీ సరిగ్గా నోరు తిరగదు.
"కటింగ్ ఉందా?"
తేలు కుట్టిన దొంగల్లా అందరం గమ్మునయ్యాం.
డెల్మర్ కాగితాలు ఒళ్లో బోర్లించాడు,
పిల్లాడి ముందు పేకముక్కలు దాచే తండ్రిలా.

కత్తిరించాను. గడియారం నా వెనక ఉంది,
అద్దంలో అది వెనక్కి తిరుగుతున్నట్టుంది.
ఇరవై ఇచ్చాడు. "ఉంచుకోండి."
వద్దు బాబూ, అని రెండు డాలర్లు అరచేతిలో పెట్టి
వేళ్లు మూశాను.
వింతగా చూశాడు.

అప్పుడే షాపులో ఫోన్లన్నీ ఒక్కసారిగా వణికాయి.
ఎవరూ ముందు తీయలేదు.
ఆ కుర్రాడు చేతి అద్దంలో మెడ వెనక చూసుకుంటూ
"ఇక్కడ కొంచెం వంకర పోయింది," అన్నాడు.