కాళ్ళకు తెలిసినంత

పదకొండో ఏట దిగినా మగ్గం గుంటలోకి.
ముప్పై తొమ్మిదో ఏట ఎక్కినా
లారీ కేబిన్లోకి.
మధ్యలో ఏముందని అడిగితే
పాటూరులో ఎవురైనా చెబుతారు:
చీరలు.

దస్తగిరి సార్ మొదటి రోజే అన్నాడు
"కాళ్ళ వైపు చూడబాక చెంగమ్మక్కా, రోడ్డు చూడు."
నవ్వొచ్చింది నాకు.
ఇరవై ఎనిమిదేళ్ళు చెక్కలు తొక్కినదాన్ని,
గుంట చీకట్లో నా కాళ్ళేం చేస్తా ఉండాయో
ఏనాడన్నా వొంగి చూసినానా?

క్లచ్ ఎడమ కాలికి తొందరగానే మచ్చికైంది.
బ్రేకే, మగ్గానికి లేని సరుకు.
నేతలో ఆగాలంటే తొక్కడం మానేస్తే చాలు.
ఇక్కడ
ఆగడానికి కూడా తొక్కాల.

కోవూరు సెంటర్లో ఒకసారి ఇంజను ఆగిపోయింది.
వెనకాల వడ్ల ట్రాక్టర్లు, ఆటోలు, ఇసక టిప్పరు,
అన్ని హారన్లూ నా పేరే పిలిచినట్టు.
టీ కొట్టు కాడినుంచి ఒకడు
"ఏమ్మా, పోగు తెగిందా?" అన్నాడు.
మా ఊరోడే.
పోగు తెగితే నాకేం భయం?
ఉమ్మి తడి చేసి రెండు కొసలూ పురిపెట్టి
కళ్ళు మూసుకోని అతికిస్తా.
ఇంజనుకి కొసలు యాడుంటాయో
అప్పటికింకా తెలవదు.

హెవీ లైసెన్సు చేతికొచ్చి ఐదు నెల్లు.
పెట్లో దాచలేదు.
బియ్యం డబ్బా మీద పెట్టినా,
కొలత గిన్నె ముంచినప్పుడల్లా కనపడేటట్టు.

పొదలకూరు రోడ్డులో బడి బస్సుల మేనేజరు మాలకొండయ్య
దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి
"ఫోన్ చేస్తాం లేమ్మా" అన్నాడు.
ఆ "లే" ఉంది చూడు,
ఆ ఒక్క అక్షరం మీద ఐదు నెల్లు బతికినా.
చేస్తాం అంటే చేస్తారనే గదా.
మరి లే అంటే?
దిగులు పడొద్దనా,
లేదనా,
లేచి పొమ్మనా?

ఇంకో ఆయన, నర్సింగ్ కాలేజీ బస్సులాయన,
"అనుభవం ఉందా?" అన్నాడు.
ఉందన్నా.
"ఎందులో?" అన్నాడు.
గేరు పడక నిలబడిపోయినా.

ఆసామి ఇప్పుడు పడుగు ఇచ్చేది నెలకొకటి.
రాత్రి మూర నేసి పడుకుంటా.
తెల్లారి నాలుగున్నరకి దస్తగిరి సార్ బండి తుడిచి
ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోని నెల్లూరు దాకా తోలుకోనొస్తా.
జీతం కాదు,
చెయ్యి మర్చిపోకుండా.
మా ఆయన ఏమీ అనడు.
ఆ అనకపోవడంలో ఎన్ని ముడులుండాయో
విప్పి చూసే ధైర్యం లేదు నాకు.

మగ్గం మీద ఒక సుఖం.
పొద్దు గూకేసరికి ఎంత నేసినానో
దోనెకు చుట్టుకోని ఉంటాది, జానేసి కొలుస్తా.
రోడ్డు చుట్టుకోదు.
ఎంత తోలినా వెనక్కి పోయి
మళ్ళీ ఎవురిదో అయిపోతాది.

పాప బడి కాగితం నింపతా అడిగింది,
"తల్లి వృత్తి అని ఉందిమా, ఏం రాసేది?"
అన్నం వారుస్తా ఉండా.
గంజి ఆవిరి మొహానికి కొట్టింది.
"పెన్సిల్‌తో రాయి" అన్నా.
ఏం రాసిందో నేను చూడలేదు.

ఈ పొద్దున పెన్న వంతెన మీద
ముందు యాడో బండి పాడైంది.
ఎటూ కదల్లేదు వరస.
కింద ఇసకలో పాయ ఒకటి సన్నంగా,
ఉతికిన పేక నూలు ఆరేసినట్టు.
పక్క వంతెన మీద మద్రాసు రైలు
కిటికీలన్నీ ఎలిగించుకోని పోయింది.

క్లచ్ అదిమిపెట్టి కూర్చోనుండా,
ఏ క్షణాన పోవాల్సొస్తాదో అని.
పిక్క వొణకతా ఉండాది.
దస్తగిరి సార్ చూసినాడు.
"ఎంతసేపని తొక్కుకోనుంటావక్కా?
న్యూట్రల్లో పెట్టి కాలు తియ్యి."

తీస్తే ఆగిపోతాదేమోనని
మెల్లంగా,
నిద్రపోయే బిడ్డ కింద నుంచి చెయ్యి లాక్కున్నట్టు
తీసినా.

ఇంజను ఆగలేదు.
ముందున్న టిప్పరూ ఇంకా కదల్లేదు.