మలుపు అవతల

రాత్రి పన్నెండున్నర.
డాబాగార్డెన్స్‌లో ఆఖరి బిర్యానీ పొట్లం వెళ్లిపోయాక
పొయ్యిలన్నీ ఆర్పించి, గ్యాస్ మెయిన్‌కి తాళం వేసి
చెవి నా జేబులో వేసుకుంటాను.
అది నా దగ్గరుంటేనే నేను లోపలికి దూరేది.
లోకనాధం నేర్పిన మొదటి పాఠం ఇది.
రెండోది: మెరిసేదాన్ని నమ్మకు.

హుడ్డు మెరుస్తోంది.
స్టీలులో నా మొహం నాకే కనిపిస్తోంది.
పక్కన స్టిక్కరు మీద పోయిన నెల తేదీ,
జిలేబీలాంటి సంతకం.
మేనేజరు ఆవులిస్తూ అన్నాడు:
"పైపైన తుడిచీండి గురూ, ఎల్లుండి ఇన్‌స్పెక్షను."

ఫిల్టర్లు విప్పి కాస్టిక్ వేన్నీళ్లలో ముంచితే
గోధుమరంగు నురగ కక్కాయి.
గ్లౌజులు రెండు జతలు. అయినా మణికట్టు దగ్గర
ఏదో ఒక చుక్క తన చోటు వెతుక్కుంటుంది.
ఆ మచ్చల్ని మా ఆవిడ లెక్కపెడుతుంది,
పైకి చెప్పదు.

మోకాళ్ల మీద డక్టులోకి.
నెత్తిన లైటు, చేతిలో గీకుడు రేకు.
మీటరు దూరం శుభ్రం. రెండో మీటరు, సరే.
మలుపు దగ్గర ఎవరిదో చెయ్యి ఆగిపోయిన గుర్తు,
అల వెనక్కెళ్లాక ఇసుక మీద మిగిలిన గీతలా.
అవతల
మూడు వేళ్ల మందాన జిడ్డు.

గీకితే పొరలు పొరలుగా వస్తుంది.
పైన మెత్తగా, పసుపుగా, ఈ వేసవి పామాయిలు.
దాని కింద తందూరు పెట్టిన ఏటి మసి.
ఇంకా కింద సన్నటి బూడిద పొర,
ఊరంతా తలుపులేసుకున్న నెలల్లో
పొయ్యి వెలగక, జిడ్డు తన మీద తానే దుమ్ము కప్పుకుంది.
దానికీ కింద రేకు కరకరమంది.
ఇసుక.
హుద్‌హుద్ నాడు మేడ మీది ఫ్యాను మూత ఎగిరిపోతే
బీచి లోపలికొచ్చి కూర్చుంది,
మళ్లీ వెళ్లలేదు.
ఇన్నేళ్లుగా ఎవరూ ఈ మలుపు తిరగలేదన్నమాట.
ఇన్నేళ్లుగా దీని కిందే
జీడిపప్పులు వేగాయి, పుట్టినరోజుల కేకులు కోశారు,
ఒక్క మంట కాస్త ఎత్తుకి నాలుక చాపలేదు, అంతే.

లోకనాధం షిప్‌యార్డులో ఓడల ట్యాంకులు కడిగినవాడు.
"ఓడైనా ఇదైనా ఒకటే బావూ,
కంటికి ఆనని చోటే ముంచీసిద్ది" అనేవాడు.
గాజువాకలో టిఫిన్ హోటలు డక్టు అంటుకున్న పొద్దు
కాలిన చెయ్యి అతనిది.
స్టిక్కరు మీద సంతకం ఇంకెవరిదో.
ఇప్పుడు అల్లిపురంలో
ఎడంచేత్తో తాళాలు బాగుచేస్తాడు.

అడుగు రేకు కనబడేదాకా గీకాను.
నాలుగు బకెట్లు. ఐదోది సగం.
మేనేజరు తొంగి చూసి
"ఇదంతా మాదేనా?" అన్నాడు,
రక్తపరీక్ష కాగితం చదివించుకున్నవాడిలా.
నేనేమీ అనలేదు. కర్రకి అద్దం కట్టి
మలుపు అవతల చూపించాను.
చాలాసేపు చూశాడు.
కొత్త స్టిక్కరు మీద జిలేబీ చుట్టలేదు నేను.
ఒక్కో అక్షరం విడదీసి రాశాను:
కిల్లాన అసిరినాయుడు.

తెల్లారగట్ల మేడెక్కి బెల్టు బిగించి స్విచ్చేస్తే
ఫ్యాను మూలగలేదు.
హార్బరు వైపు నుంచి చేపల వాసన, పోర్టు ఎర్రదుమ్ము.
కింద తాళం తీసిచ్చాను.
మొదటి పెనం వేడెక్కింది.
"పొగ కళ్లల్లోకి రాదేటి ఇయ్యాల?" అన్నాడు దోసెల మాస్టరు,
ఏదో చెడిపోయిందేమోనని పైకి చూస్తూ.

ఇంటికెళ్తుంటే వీధి కుక్కలు నా వెంటే.
ఏమీ లేదర్రా అని రెండు చేతులూ చాపి చూపించాను.
ఇన్నేళ్ల విందుల వాసన ఒంటికి పూసుకున్నవాణ్ణి
ఏ కుక్క నమ్ముతుంది?
గుమ్మం దాకా వచ్చి
మా ఆవిడ వేన్నీళ్లు తెచ్చేదాకా
అక్కడే కూర్చున్నాయి.