వాలు వెలుతురు

చీమకుర్తిలో ఇరవై రెండేళ్ళుగా
నా పని రాళ్ళ మొహాలు చూడటం.
నల్లరాయి పలకని నిలబెట్టి
ఎదురు వెలుతురులో చూస్తే ఏమీ తెలీదు.
లైటుని పక్కకి వాల్చాలి.
అప్పుడు లేస్తాయి సొట్టలు, సూదిమొన బొక్కలు.
సుద్దముక్కతో సున్నా చుడతాను.
కుర్రాళ్ళు జిగురు కలిపి పూడ్చి
మళ్ళీ పాలిష్ పడతారు.

ఆ చేత్తోనే మొన్న శనివారం
నెల్లూరు పొగతోటలో, మూడో అంతస్తులో,
అద్దం పట్టుకుని కూర్చున్నాను.
డాక్టర్ నిఖత్ గారు లైటు నా నెత్తి మీదికి జరిపి
"మిమ్మల్ని పట్టిచ్చేది సంచులు కాదండీ,
వాటి కింది గుంట. నీడ అక్కడ పడుతోంది" అన్నారు.
నవ్వొచ్చింది.
నా విద్య నాకే చెబుతున్నారు.

నేను తాగను.
ఈ ముక్క ఎంతమందికి చెప్పుకున్నానో!
"రాత్రి గట్టిగానే పడ్డట్టుందే" అంటాడు
పొద్దున్నే కాటా గుమస్తా.
జైపూర్ బేరగాడు నా కళ్ళ కింద ఓసారి చూసి
నేను పెట్టిన గుర్తుని
ఇంకొకడితో సరిచూపించుకున్నాడు.
అది గుచ్చుకుంది.

తాగింది మా నాన్న, వెంగయ్య.
సారా పాకెట్ల కాలం మనిషి.
పంపకాల్లో అన్నకి ఎకరంన్నర పొగాకు చేను,
నాకు ఇవి.

సంచి విప్పి కొవ్వు తీసేస్తే చవక.
"కానీ యాభై దాటాక
తీసేకొద్దీ కన్ను లోపలికి పోతుంది.
తాగుబోతు పోయి రోగిష్టి వస్తాడు" అన్నారామె.
లేదూ, కాస్తే తీసి,
పొట్టలోంచి కొవ్వు లాగి
బొట్టుబొట్టుగా ఆ గుంటలో నాటాలి.
నాటడమనే మాట ఆమెదే.
"నాటినవన్నీ బతకవు. కొన్ని కరిగిపోతాయి.
ఎన్ని నిలుస్తాయో ముందే చెప్పలేను.
అక్కడ తోలు ఉల్లిపొర,
ఒక్కోసారి గడ్డలా తేలుతుంది.
ఇంకో మాట, మీ పొట్ట పెరిగితే అదీ పెరగొచ్చు.
మెట్టినచోట కూడా పుట్టిల్లు మరవదు."

జిగురైతే గట్టిపడ్డాక కదలదు.
ఇది బతికున్న సరుకు.

తిరుగు బస్సులో మస్తానమ్మ
కావలి దాకా మాట్లాడలేదు.
తర్వాత వేరుశనక్కాయలు ఒలుస్తా
"లక్షా పదివేలు పోసి
పొట్టని కళ్ళ కిందికి తెచ్చుకుంటావా?" అంది.
సింగరాయకొండ దాటాక
"బేరగాడు వచ్చిన రోజు నువ్వు అన్నం తిన్లా.
చేయించుకో" అంది.
టంగుటూరు టోల్‌గేటు దగ్గర, కిటికీలోకి చూస్తా,
"మామ నవ్వితే అవి పైకి లేచేవి.
నీకూ లేస్తాయి."
ఇంక ఒంగోలు దాకా ఏమీ అన్లేదు.

రాత్రి స్నానాల గదిలో
ఫోన్ టార్చి వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను.
ఎదురుగా పెడితే నేను.
వాలిస్తే నాన్న.
కొంచెం కొంచెంగా వాల్చి చూశాను,
ఎక్కడ ఆయన మొదలవుతాడో తేలలేదు.

ఇవాళ పధ్నాలుగో పలక మీద
మూల నుంచి సగం దాకా పల్చటి గీత.
కుర్రాడు జిగురు డబ్బా తెచ్చేశాడు.
గోరు పెట్టి లాగాను. ఎక్కడా తట్టుకోలేదు.
పగులైతే గోరు ఆగుద్ది.
ఇది నరం, రాయితో పాటు పుట్టింది.
"దాని జోలికి పోమాక" అన్నాను.
పక్క పలకలో నిజంగానే గుంట ఉంది,
దాన్ని పూడ్చమన్నాను.
వాడు అటు తిరిగాక
నా కంటి కింద గోరు పెట్టి చూసుకున్నాను.
మెత్తగా లొంగింది.
ఆ పరీక్ష దీనికి పనిచెయ్యదు.

గురువారం చెబుతానన్నాను డాక్టరుకి.
ఇవాళ మంగళవారం.
మధ్యాహ్నం క్యారేజీలో పెరుగన్నం
పొట్ట పెరుగుద్దేమోనని సగం పక్కన పెట్టా.
మళ్ళీ, ఇవ్వాల్సింది ఈ పొట్టే కదా అని
మిగతాది కూడా తినేశా.