పల్లం చూసి ఆపడం

నా బండికి సెల్ఫ్ పోయి పదమూడు నెలలు.

ఉద్దానం అంతా చదునంటారు, తెలియనోళ్లు.
ఏ ఊళ్లో నేల ఎక్కడ తల వంచుతుందో
నన్నడగండి.
మందస రోడ్డులో జీడిపిక్కల బట్టీ ఎదుట జానెడు వాలు.
హరిపురంలో సిమెంటు కొట్టు పక్కన
ఎవరో ఇల్లు కట్టగా మిగిలిన కంకర దిబ్బ.
బారువ దారిలో మదుము మీద ఆపితే
ఇటు దిగినా పల్లమే, అటు దిగినా పల్లమే.
అందుకే అక్కడ టీ తాగుతాను.
టీ ఏమంత బాగోదు.

ఒకసారి పెళ్లికి పిలిస్తే ముహూర్తం అడగలేదు,
మీ వీధి ఎటు వాలి ఉంటుందని అడిగాను.
పెళ్లికూతురి మేనమామ నా మొహం చూసి
మంచినీళ్లిమ్మని లోపలికి కేకేశాడు.

ఏపీ ముప్పై బండి. నాది మూడో చెయ్యి.
మొదటాయన చేపలు తోలాడు,
ఐసు నీళ్లు కారి కారి తొట్టి అడుగు అప్పడమైంది.
రెండో ఆయన ఇటుకలు తోలాడు,
కమాను కట్టలు పడుకున్నాయి, మళ్లీ లేవలేదు.
టాపు మీద సొట్ట మాత్రం నా కాలంలోదే.
తిత్లీ రాత్రి కొబ్బరిచెట్టు ఒరిగి
తెల్లారేదాకా దాని మీదే పడుకుంది.
వానాకాలం ఆ సొట్టలో నీళ్లు నిలుస్తాయి,
ఒక కాకి వచ్చి తాగుతుంది.
తీయించలేదు.

ఆదివారాలు గోనెసంచి పరుచుకుని కిందికి దూరతాను.
గ్రీజు గన్ను, పది-పదకొండు స్పానరు, పాత లుంగీ ముక్క.
సముద్రం మూడు కిలోమీటర్లు.
అయినా రాత్రిళ్లు వచ్చి ఛాసీ నాకి పోతుంది.
నాకిన చోటల్లా ఉప్పుకాగితంతో గీకి
రెడాక్సైడు పూస్తాను.
వచ్చే వారానికి అది కాస్త పక్కకి జరుగుతుంది.
ఇద్దరం ఇంకా అలిసిపోలేదు.

పల్లం దొరకని చోట, మనుషులు.
కీ తిప్పి, రెండో గేరులో వేసి, క్లచ్చి తొక్కిపట్టి
తల బయట పెట్టి అరిస్తే చాలు:
ఒరే బావూ, ఒక చెయ్యేయండ్రా!
బడిపిల్లలు నెట్టారు, సైకిళ్లు పడేసి.
చలానా రాసిన కానిస్టేబులే
పుస్తకం చంకలో పెట్టుకుని భుజం ఆనించాడు.
నాతో నాలుగేళ్లుగా మాటల్లేని తోడల్లుడు బైరాగి
ఎవరి బండో చూసుకోకుండా నెట్టి
ఇంజను అందుకున్నాక చూశాడు నన్ను.
పొగలో ఇద్దరం దగ్గాం.
అందరికన్నా ఎక్కువ నెట్టింది
ఎండుచేపల గున్నమ్మ.
గంప దించి, కొంగు దోపి,
"దీనికన్నా నాటుబండి నయం గదేటిరా, దాలయ్యా" అంటూ.

దీపావళి ముందర, కాశీబుగ్గలో
కూర్మారావు మోటారు విప్పి బల్ల మీద పరిచాడు.
కార్బన్ బ్రష్షులు చింతగింజలంత.
ఆర్మేచరు కమిలి నల్లన.
బెండిక్స్ పళ్లు మూడు లేవు.
"పదమూడు నెల్లు ఎలగ లాగినావురా దీన్ని?"

నేను లాగలేదు.
ఎవరెవరు లాగారో చెబుదామనుకున్నాను,
వేళ్లు చాల్లేదు.

రెండు వేల నాలుగొందలు. వంద తగ్గించాడు.
కీ తిప్పాను. పలికింది.
నమ్మలేక ఆపి, మళ్లీ తిప్పాను.
మళ్లీ పలికింది.

వారమైంది.
కాలు ఇంకా మదుము దగ్గరే బ్రేకు తొక్కుతోంది.
ఆ టీయే తాగుతున్నాను.
బడిపిల్లలు గేటు దగ్గర సైకిళ్లు ఆపి
నేను తల బయట పెడతానేమోనని చూసి
వెళ్లిపోయారు.

ఇయ్యాళ సంతలో
కొబ్బరికాయలు దించి బండెక్కుతుంటే
గున్నమ్మ గంప దించేసింది.
"ఉండు, వత్తన్నాను."
సెల్ఫ్ బాగైందని చెప్పడానికి నోరు తెరిచాను.
అప్పటికే ఆమె రెండు అరచేతులూ
వెనక తలుపు మీద.

బ్రేకు వదిలాను.
ఒక అడుగు. రెండో అడుగు.
అప్పుడు తిప్పాను కీ.

అద్దంలో
చేతికంటిన తుప్పు చీరకి తుడుచుకుంటూ
గున్నమ్మ నా బండి వైపు చూపించి
పక్కనామెతో ఏదో చెబుతోంది.
వినపడలేదు,
ఇంజను మోత.